ఇంటివైపు ముడి

నార్త్‌ఫోర్డ్, మిన్నెసోటా
1888 జనవరి 3

అక్కా,

క్రిస్మస్‌కి రాలేదని అమ్మ ఇంకా అలిగే ఉందా? అలిగినా పంపిన బంగాళాదుంప రొట్టెలు మాత్రం మెత్తగా ఉన్నాయని చెప్పు. మూడు రోజుల్లో అవగొట్టాను.

నాకిక్కడ ఒక జబ్బు పట్టుకుంది, మాటల జబ్బు. కొత్త మాట దొరికితే చాలు, బెల్లంముక్కలా బుగ్గన పెట్టుకుని రోజంతా తిరుగుతాను. వాటికోసం ఒక పుస్తకం కూడా కుట్టుకున్నాను. నిన్న అందులో నాన్న మాటలు రాశాను. మంచుకు ఆయన దగ్గర పదకొండు పేర్లున్నాయి, ఎప్పుడైనా లెక్కపెట్టావా? పిండిమంచు, ఉప్పుమంచు, కుక్కతోక మంచు, ముసలమ్మ మంచు... మా పంతులమ్మ చూసి "మీ నాన్నగారు కవిత్వం రాస్తారా?" అంది. "లేదండీ. నార్వేలో, లోఫోటెన్ దీవుల దగ్గర చేపలు పట్టేవారు. ఇప్పుడు డకోటాలో గోధుమ పండిస్తున్నారు. మంచు మాత్రం రెండు చోట్లా ఆయన్ని వదల్లేదు" అన్నాను. క్లాసంతా నవ్వింది.

అసలు సంగతి ఇది. ఈ నెల ఇరవై ఎనిమిదిన బడిలో సభ ఉంది. సొంతంగా రాసిన వ్యాసం చదవడానికి ముప్ఫైమందిలో నన్ను ఎంచుకున్నారు! పేరు 'మా నాన్న మంచు.' ఆయనకు చెప్పకు, సిగ్గుపడి కొట్టంలోకి వెళ్ళి కూర్చుంటారు.

నా పెట్టెలో తెల్లగౌను ఉంది కదా, చర్చిలో ప్రమాణం చేసిన రోజున వేసుకున్నది. దాన్ని ఉతికి, గంజిపెట్టి పంపు. ఒక్క మాట, కోప్పడకు. పొయ్యి దగ్గర ఆరెయ్యకు. గడ్డిపొగ పట్టిన బట్టంటే ఇక్కడి అమ్మాయిలు ముక్కు మూసుకుంటారు. ఎండలో ఆరెయ్యి. ఎండలో ఆరిన బట్టకు ఒక వాసన ఉంటుంది చూడు, దానికి పేరేమిటో ఇంకా వెతుకుతున్నాను.

నీ చెల్లి
సిగ్నె


గూస్ వాగు, డకోటా
జనవరి 9

మహారాణీ సిగ్నె గారికి,

ఎండలో ఆరెయ్యాలా? ఎండ ఎక్కడుందో చెబితే వెళ్ళి ఆరేసి వస్తాను. పదిహేను రోజులుగా గుమ్మంలోంచి ఉమ్మేస్తే నేలమీద పడేలోగా గడ్డకడుతోంది. మూడు వారాల మాసిన బట్టలు మూలన గుట్టపడి ఉన్నాయి. నాన్నా, నేనూ, అమ్మా కూర్చుని ఎండుగడ్డి పేని పొయ్యిలో పెట్టడమే పని. పేనినంతసేపు పట్టదు కాలడానికి. మా చేతులు చూస్తే మీ అమ్మాయిలు ముక్కేం ఖర్మ, కళ్ళు కూడా మూసుకుంటారు.

పైగా బట్టల తాడు లేదు. గుడ్మున్ బాబాయి మంచుమీద లాగే తన స్లెడ్జిబండికి కట్టుకుంటానని పట్టుకెళ్ళి నెలయింది. అడిగితే "ఇప్పుడెవరు బట్టలుతుకుతారే పిల్లా?" అంటాడు. ఆదివారం వచ్చి మన కాఫీ తాగుతూ నాన్నని ఆటపట్టించాడు. మంచుతుఫానులో పట్టుకుని నడవడానికి గుమ్మం నుంచి కొట్టం దాకా నాన్న తారుతాడు కట్టాడు కదా, పడవనుంచి తెచ్చుకున్నది, దాన్ని చూసి.

"ఏం అస్లాక్, అరవై అడుగులకి తాడా? పెళ్ళాం దగ్గరికి రావడానికి దారి తెలీదా?"

"నాకు తెలుసు. తుఫానుకే తెలీదు" అన్నాడు నాన్న.

"ఊడిపోతే?"

"నా ముడి ఊడిందని విన్ననాడు, నన్ను వేరే పేరు పెట్టి పిలువు."

నీకు గుర్తుందిగా, మొదటి మంచు పడ్డ దగ్గర్నుంచి ఈస్టర్ దాకా ఆ తాడుని ఎవరూ ముట్టకూడదు. ఈ ఏడు నాచేత మళ్ళీ ఒట్టు వేయించుకున్నాడు, నేనేదో పసిపిల్లనైనట్టు.

ఒక్క మంచిరోజు రానీ. నీ గౌను ఎండలోనే ఆరుతుంది. మాటిచ్చాను.

మారిట్


గూస్ వాగు
జనవరి 19

సిగ్నె,

ఇది ఎలా రాయాలో తెలియక వారం రోజులు ఆగాను. ఆగినా తెలియలేదు.

నాన్న పోయాడు. పన్నెండో తారీకు, గురువారం. తుఫాను గురించి అక్కడ పేపర్లో చదివే ఉంటావు. పొద్దున వెచ్చగా ఉంది. మధ్యాహ్నానికి వచ్చింది. నాన్న పశువుల్ని కొట్టంలోకి చేర్చి, ఇంటికి వస్తూ దారి తప్పాడు. ఇంటివైపు ముడి ఊడిపోయింది. శుక్రవారం పొద్దున దొరికాడు, ఇంటికి పదిహేను అడుగుల్లో.

అమ్మ వంట చేస్తోంది, తింటోంది. మాట్లాడటం లేదు.

నువ్వు రావొద్దు. రైళ్ళు లేవు. నేల రాయిలా ఉంది, గొయ్యి తవ్వడం ఎవరివల్లా కాదు. పెట్టెలో పెట్టి ధాన్యపు గదిలో ఉంచాం. ఈ చుట్టుపక్కల ఏడుగురు అలాగే ఉన్నారు, ఎవరి కొట్టాల్లో వాళ్ళు. ఏప్రిల్‌లో పూడుస్తారు. అప్పటిదాకా చదువుకో. బడి మానకు. ఆయన అదే అనేవాడు.

గౌను ఉతకలేదు. వేరే ఏదైనా చూసుకో.

మారిట్


నార్త్‌ఫోర్డ్
జనవరి 30

అక్కా,

నీ ఉత్తరం సభకి ముందురోజు వచ్చింది. నా బదులు ఇంకో అమ్మాయి పువ్వుల మీద ఏదో చదివింది. నా వ్యాసం నా దగ్గరే ఉంది. మొదటి వాక్యం: "మా నాన్నకు మంచంటే భయం లేదు, మర్యాద ఉంది." ఎంత గొప్పగా రాశాననుకున్నానో! ఇప్పుడు ఆ కాగితం బోర్లా తిప్పి పెట్టాను.

నిన్న నార్వీజియన్ పేపరులో మన ఊరినుంచి ఎవరో రాసిన ఉత్తరం పడింది. పోయినవాళ్ళ పేర్లు. నాన్న పేరు నాలుగోది. "ముడి ఊడిపోవడంవల్ల" అని రాసి, పక్కనే "ఒకప్పుడు సముద్రం మీద పనిచేసినవాడు" అని రాశారు. చివర, "కుడిచేతికి తొడుగు లేదు" అని ఉంది. నువ్వు అది రాయలేదు.

అక్కా, నేను తప్పు పట్టడం లేదు. కానీ నాకు రెండు సంగతులు మింగుడుపడటం లేదు. అంత చలిలో నాన్న తొడుగు ఎందుకు తీశాడు? ఇంకోటి, నాన్న ముడి ఎలా ఊడుతుంది? మనం చిన్నప్పుడు ఇద్దరం చెరోవైపు వేలాడేవాళ్ళం కదా ఆ తాడుకి, నువ్వు నా జడ లాగితే నేను కిందపడ్డానే గానీ ముడి కదల్లేదు. కొట్టం వైపు ముడి ఏమైంది? అదీ ఊడిందా?

అమ్మని ముద్దుపెట్టుకో. నాకు వెంటనే రాయి.

సిగ్నె


గూస్ వాగు
ఫిబ్రవరి 9

సిగ్నె,

కొట్టం వైపు ముడి ఉంది. ఇంటివైపుది ఊడింది. ముడులన్నాక ఊడతాయి. చేతులన్నాక ముసలివవుతాయి. అమ్మ అదే అంటోంది. మాట్లాడటం మొదలుపెట్టింది, ఆ ఒక్క మాటే. "ముసలాడికి చేతులు వణికేవి. నాకు తెలుసు. నాకు తెలిసీ చూసుకోలేదు." రోజుకి పదిసార్లు.

చర్చి దగ్గర గుడ్మున్ బాబాయి నలుగురిలో నిలబడి, "పాపం అస్లాక్. అట్లాంటిక్‌లో ఊడని ముడి అరవై అడుగుల వాకిట్లో ఊడింది" అన్నాడు. ఎగతాళికి కాదు, ఏడుస్తూనే అన్నాడు. అయినా ఇద్దరు నవ్వు ఆపుకున్నారు. నేను పక్కనే ఉన్నాను. ఏమీ అనలేదు.

తొడుగు గురించి నాకు తెలీదు. చలికి చచ్చిపోయేవాళ్ళు ఒంటిమీది బట్టలు తీసేస్తారట, డాక్టరు చెప్పాడు.

నువ్వు అక్కడ కూర్చుని వాక్యాలు విరిచి చూస్తున్నావు. ఇక్కడ నేను గడ్డి పేనాలి, మన ఆవు డాగ్రోస్ పాలు పితకాలి, ధాన్యపు గదిలోకి వెళ్ళి గోధుమ తెచ్చుకోవాలి, ఆ పెట్టె పక్కనుంచి నడుస్తూ. ఇంక ఆ ముడి ఊసెత్తకు. నీకు దణ్ణం పెడతాను.

మారిట్


నార్త్‌ఫోర్డ్
ఫిబ్రవరి 22

అక్కా,

ఇవాళ అమ్మ పంపిన పార్సెల్ అందింది. మేజోళ్ళు, జున్ను, నాన్న పాత పాటల పుస్తకం. వాటి అడుగున నా తెల్లగౌను.

ఉతకలేదన్నావు. ఉతికి ఉంది. గంజి ఉంది. ఎంత వాసన చూసినా గడ్డిపొగ లేదు. పొయ్యి దగ్గర ఆరిన బట్ట కాదిది.

గౌను రెండు చేతులకూ చివర మణికట్టు దగ్గర గోధుమరంగు మరక, గాజు తొడిగినట్టు. రుద్ది చూశాను, పోలేదు. నాలుకతో చూశాను. తారు.

మన ఇంట్లో తారు పూసిన తాడు ఒక్కటే.

నువ్వు ఇంకో అబద్ధం రాస్తే నమ్ముతాను. నమ్మినట్టు రాస్తాను కూడా. కానీ ఇద్దరం జీవితాంతం అలా ఉత్తరాలు రాసుకోవాలి. ఆలోచించుకో.

సిగ్నె


గూస్ వాగు
మార్చి 4

సిగ్నె,

ఆ గౌను నా పెట్టె అడుగున దాచాను. అమ్మ ఎప్పుడు తీసిందో తెలీదు. పార్సెల్ సంగతి నాకు తెలిసేసరికి బండి వెళ్ళిపోయింది. ఆ రోజునుంచీ నీ ఉత్తరం కోసం ఎదురుచూస్తున్నాను, ఉరి కోసం చూసినట్టు.

ఆ పొద్దున నువ్వు చూసి ఉండాల్సింది. మూడు వారాల తర్వాత గాలి లేదు. చూరునుంచి చుక్కలు కారుతున్నాయి. చేతులు చాపితే చొక్కా మీద ఎండ దిగింది. ఈ పరగణా మొత్తం ఆ రోజు బట్టలుతికింది. మగవాళ్ళు పశువుల్ని మొక్కజొన్న మోళ్ళలోకి తోలారు. నాన్న కూడా తెల్లారకుండా తోలుకుపోయాడు.

బట్టల తాడు లేదు. రెండు గంటల కోసం కదా అనుకున్నాను. తారుతాడుని గుమ్మం వైపు విప్పాను. నాన్న ముడి, విప్పడానికి అరగంట పట్టింది. సూదితో పొడిచి పొడిచి విప్పాను. కొట్టం వైపు చివర అలాగే ఉంచి, ఈ చివర తీసుకెళ్ళి దక్షిణం పక్కనున్న బట్టల గుంజకి కట్టాను. చేలో, ఇంటికి నలభై అడుగుల అవతల. మధ్యాహ్నానికల్లా మళ్ళీ గుమ్మానికి కట్టేద్దామనుకున్నాను. ముందు నీ గౌను ఒక్కటే ఉతికి, ఎగిరిపోకుండా దాని రెండు చేతులూ తాడుకి గట్టిగా ముడేశాను. ఆయన నేర్పిన ముడే.

రొట్టెలు పొయ్యిలో పెట్టి, తీసి చూసేలోగా ఉత్తరాన గోడలా కనబడింది. పరిగెత్తాను. గుమ్మం దాటి రెండడుగులు వేశానో లేదో, నా చెయ్యి నాకు కనబడలేదు. పిండి మూట ముఖాన కొట్టినట్టు. ముక్కులోకి, కళ్ళలోకి. అమ్మ నా జడ పట్టుకుని లోపలికి లాగింది. పాలబిందె మీద గరిటెతో కొట్టాను, అడుగు సొట్టపడేదాకా కొట్టాను. పక్కనున్న అమ్మకే వినపడలేదు.

నేను ఏమనుకున్నానో చెప్పనా? నాన్న కొట్టం చేరితే తాడు కోసం చూస్తాడు. ఇంటివైపు తాడు లేకపోతే పశువుల మధ్య వెచ్చగా పడుకుంటాడు. రేపు పొద్దున నన్ను తిడతాడు. ఆ తిట్లు కూడా విన్నాను, చెవుల్లో.

తాడు లేకపోతే ఆయన బతికేవాడు, సిగ్నె. కానీ తాడు ఉంది. కొట్టం గుమ్మంలో చెయ్యి చాపితే ఎప్పుడూ ఉన్నచోటే దొరికింది. ఆయన ముడే, ఊడలేదు. దాన్ని నమ్మి పట్టుకుని నడిచాడు. అది ఆయన్ని ఇంటికి తీసుకురాలేదు, చేలోకి తీసుకెళ్ళింది.

శుక్రవారం పొద్దున ముందు నేనే చూశాను. గుంజకీ ఇంటికీ మధ్య పడి ఉన్నాడు. గుంజ దాకా వెళ్ళి, తాడు ఎక్కడికొచ్చిందో తెలుసుకుని, ఇల్లు ఎటో ఊహించుకుని నడిచినట్టున్నాడు. ఊహ సరైందే. ఇంకొక్క పదిహేను అడుగులు.

కోటు గుండీలు పెట్టి ఉన్నాయి. ముందుభాగం ఉబ్బుగా ఉంది. విప్పితే లోపల నీ గౌను. చొక్కాకీ ఒంటికీ మధ్య, మడిచి కాదు, కుక్కి కాదు, పిల్లని పొదువుకున్నట్టు.

తొడుగు ఎందుకు తీశాడని అడిగావు. నా ముడి తొడుగుతో విప్పడం ఎవరివల్లా కాదు. గౌను రెండు చేతుల ముడులూ విప్పాడు.

ఎందుకు విప్పాడో రోజూ ఆలోచిస్తున్నాను. తడిబట్ట ఆ చలికి బిగుసుకుపోయి మనిషిలా నిలబడుతుంది, నీకు తెలుసు. కళ్ళు కనబడవు. తాడు పట్టుకుని వస్తుంటే చేతికి ఒక చెయ్యి తగిలింది, తర్వాత భుజం, తాడుని రెండు చేతులతో పట్టుకుని కదలకుండా ఉన్న ఆడపిల్ల. నన్ను వెతుక్కుంటూ మారిట్ వచ్చింది అనుకున్నాడేమో. విప్పాక తెలిసిందో లేదో. తెలియకూడదనీ ప్రార్థిస్తాను, తెలియాలనీ ప్రార్థిస్తాను.

గౌను తీసేసి, గుంజ దగ్గర తాడు విప్పి వదిలేసి, అప్పుడు కేకలు పెట్టాను. గుడ్మున్ బాబాయి వచ్చేసరికి వదులైన తాడొకటి మంచులో ఉంది. అందరూ వాళ్ళంతట వాళ్ళే ముడి ఊడిందన్నారు. నేను అవునన్నాను. అంతే. నా అబద్ధం ఒక్క మాటే.

నాకోసమే దాచానంటే సగం నిజం. మిగతా సగం, "ఎండలో ఆరెయ్యి" అన్న మాట నీ ఉత్తరంలో ఉంది. అది నీకు గుర్తు రాకూడదనుకున్నాను.

మారిట్


నార్త్‌ఫోర్డ్
మార్చి 14

అక్కా,

గుర్తొచ్చింది. నీ జనవరి ఉత్తరం చదివినప్పుడే గుర్తొచ్చింది. "గౌను ఉతకలేదు" అన్న వాక్యం చూసి నా ప్రాణం కుదుటపడింది. నాన్న పోయాడన్న కాగితం మీదే, అక్కా. అలాంటిదాన్ని నేను. ఆ తర్వాత అన్ని ప్రశ్నలు వేసింది ఎందుకనుకున్నావు? నావల్ల కాదనిపించుకోవడానికి.

నాలుగు రోజులు క్లాసుకి వెళ్ళలేదు. మాటల పుస్తకం పొయ్యిలో పెట్టబోయాను. అందులో నాన్న పదకొండు పేర్లు ఉన్నాయి, ఆయన దగ్గర తప్ప ఎక్కడా లేనివి. తీసి దిండు కింద పెట్టుకున్నాను.

నీమీద కోపం లేదు అంటే నువ్వు నమ్మవు. కోపం ఉంది, కానీ తాడు విప్పినందుకు కాదు. నాన్న ముడి ఊడిందని ఊరంతా అనుకుంటుంటే ఊరుకున్నందుకు. ఆయనకు పొలం పెద్దది కాదు, పాట రాదు, ఇంగ్లీషు రాదు. ఆయనకు ఉన్నది ఆ ముడి. ఊడిందని విన్ననాడు వేరే పేరు పెట్టి పిలవమన్నాడు. ఇప్పుడు ఆ వేరే పేరుతోనే పూడుస్తారు.

అమ్మ రోజుకి పదిసార్లు ఆ వణికే చేతుల గురించి చెబుతుంటే ఎలా వింటున్నావక్కా?

చెప్పెయ్యి. పూడ్చేలోగా చెప్పెయ్యి. నీ ఒక్కదాని తప్పుగా చెప్పకు. నా జనవరి మూడో తారీకు ఉత్తరం నీ దగ్గర ఉంటే పట్టుకెళ్ళి అందరిముందూ చదువు. ఆ చివరి వాక్యంతో సహా. ఆ వాసనకి పేరు వెతుకుతున్నానని రాశాను చూడు, అది కూడా చదువు. నేనెలాంటిదాన్నో తెలియనీ.

రైలు నడిస్తే పూడ్చేరోజుకి వస్తాను. రాలేకపోతే, వచ్చినట్టే అనుకో.

సిగ్నె


గూస్ వాగు
ఏప్రిల్ 25

సిగ్నె,

వంతెన కొట్టుకుపోయిందని స్టేషన్‌లో చెప్పారు. నువ్వు రాలేవని అప్పుడే అనుకున్నాం. తుఫాను తెచ్చిన మంచే కరిగి వరదయింది, ఏం చేస్తాం.

శనివారం పూడ్చారు. పెట్టె దింపడానికి తాళ్ళు కావాలి. ఏడు పెట్టెలు, ఉన్న తాళ్ళు చాలలేదు. గుడ్మున్ బాబాయి "అస్లాక్‌ది వాళ్ళ కొట్టంలో ఉందిగా" అని వెళ్ళాడు. ఎంతకీ రాలేదు. వెళ్ళి చూస్తే కొట్టం గుమ్మంలో, తాడు కట్టిన ఇనుప కడియం దగ్గర చెమటలు కక్కుతూ ఉన్నాడు. గోళ్ళతో, పళ్ళతో కూడా ప్రయత్నించాడు. ముడి రాలేదు.

"ఇదేం ముడే తల్లీ, నా పళ్ళు ఊడేలా ఉన్నాయిగానీ ఇది ఊడదు" అన్నాడు. అని ఆగిపోయాడు. నా ముఖం చూశాడు.

"బాబాయ్, రెండో చివరది కూడా ఊడలేదు. నేను విప్పాను" అన్నాను.

ఆయన కత్తి తీసి ముడికి జానెడు ఇవతల కోశాడు. సమాధి దగ్గరికి వచ్చాక, పాదిరిగారు పుస్తకం తెరవబోతుంటే, "ఆగండి. ఈ పిల్లకి చెప్పాల్సింది ఉంది" అన్నాడు.

చెప్పాను. నిలబడే చెప్పాను. తాడు, గుంజ, గుమ్మం, అన్నీ. ఎందుకు విప్పావని ఎవరో అడిగారు. గౌను ఆరెయ్యడానికి అన్నాను. ఎవరి గౌను అని ఎవరూ అడగలేదు. అడిగినా నాదేననేదాన్ని. నీ ఉత్తరం జేబులో ఉంది, తియ్యలేదు. అందుకు నువ్వు నన్ను తిట్టుకో. ఇంత పెద్ద మూట ఇద్దరం మొయ్యాలన్నావు, కానీ ఊరి కళ్ళ ముందు ఒకరు చాలు.

తర్వాత అమ్మ నా దగ్గరికి వచ్చింది. కొడుతుందనుకున్నాను. నా రెండు చేతులూ పట్టుకుని తిప్పి చూసింది, ఎప్పుడూ చూడనట్టు.

"అయితే ముసలాడి చేతులు వణకలేదన్నమాట" అంది.

అంతే. అప్పటినుంచి ఆ వణుకు మాట మళ్ళీ అనలేదు. నాతో కూడా మాట్లాడటం లేదు. అన్నం పెడుతోంది. మాట వస్తుందో రాదో తెలీదు.

పెట్టెని ఆయన తాడు మీదే దింపారు. ఆ సాయంత్రం తలుపు తీసి చూస్తే గుమ్మం పక్క మేకుకి మన బట్టల తాడు వేలాడుతోంది. గుడ్మున్ బాబాయి ఎప్పుడు తెచ్చి తగిలించాడో. పిలవనుకూడా లేదు. ఆదివారం చర్చికి ఆయన రాలేదు.

ఆ తాడు మీద బట్టలు ఆరెయ్యడానికి నాకింకా చేతులు రావడం లేదు. పొయ్యి దగ్గరే ఆరేస్తున్నాను. నువ్వు వచ్చినప్పుడు నీ బట్టలకి కూడా గడ్డిపొగ పడుతుంది, సర్దుకో.

కోసిన ముడి కొట్టం కడియానికే ఉంది. ఈస్టర్ దాటింది, ముట్టొచ్చు. ముట్టలేదు.

అక్టోబరులో తాడు మళ్ళీ కట్టాలి. అమ్మ చెయ్యి వెయ్యదు. ఒక చివర లాగి పట్టుకునేవాళ్ళు లేకపోతే రెండో చివర బిగుసుకోదు, నీకు తెలుసు. పరీక్షలవ్వగానే రా. ఇంటివైపు ముడి నేను వేస్తాను. నువ్వు వేలాడి చూద్దువుగాని.

మారిట్